గుమ్మలక్ష్మీపురంలో సర్వర్ కొనాలంటే ముందు అడగాల్సింది స్పీడ్ గురించి కాదు

ఈ ఎపిసోడ్ ఎవరి కోసమో ముందే చెప్పేస్తా. ఇంట్లో నాన్నో, చిన్నాన్నో, లేదంటే ఊళ్ళో రైతు సంఘం పెద్దలో "నీకు కంప్యూటర్ తెలుసు కదా, సర్వర్ ఏది కొనాలో నువ్వే చూసి చెప్పు" అని మీ మీద పెట్టేశారు అనుకోండి. మీరు ఫోన్ తీసి వెతికారు. జియాన్ అంటాడు, కోర్లు అంటాడు, రెయిడ్ అంటాడు. బుర్ర తిరిగిపోయింది. అదిగో, మీ కోసమే ఇది.

ఇవాళ మనం గుమ్మలక్ష్మీపురాన్ని ఉదాహరణగా పెట్టుకుందాం. పార్వతీపురం మన్యం జిల్లా, చుట్టూ కొండలు, ఆ కొండల అవతల ఒడిశా. ఇక్కడ వ్యాపారం అంటే జీడి పిక్కలు, చింతపండు, పసుపు, కొండ చీపుర్లు. హైదరాబాద్ ఆఫీసుకి చెప్పే సలహా ఇక్కడ పనికిరాదు. ఎందుకు పనికిరాదో అర్థమైతే మీది ఏ ఊరైనా సరే, సర్వర్ ఎంచుకోవడం వచ్చేసినట్టే.

ఒక యూనిట్‌ని ఊహించుకుందాం. జీడి పిక్కలు కొని, పప్పు తీసి అమ్ముతారు. సీజన్‌లో చింతపండు కూడా కొంటారు. ఐదు కంప్యూటర్లున్నాయి. కాటా దగ్గర ఒకటి, బిల్లింగ్‌కి రెండు, అకౌంట్స్‌కి ఒకటి, గోడౌన్‌లో ఒకటి. అన్నీ ఒకే లెక్కలో రాయాలి. అందుకే సర్వర్ కావాలంటున్నారు.

షాపుకెళ్తే మొదట అడిగేది "ఎంత స్పీడ్ కావాలి?" అని. దాన్ని పక్కన పెట్టండి. మీరు ఓనర్‌ని రెండే ప్రశ్నలు అడగండి. ఒకటి, సర్వర్ ఆగిపోతే ఎన్ని గంటలు తట్టుకోగలం? రెండు, డేటా పోతే ఎంత వరకు పోయినా మళ్ళీ రాసుకోగలం? గంట రాతా, రోజు రాతా, వారం రాతా? ఈ రెండు జవాబులు ఒక కాగితం మీద రాయించుకోండి. ఏ సర్వర్ కొనాలన్నది ఆ కాగితమే చెబుతుంది.

ఇదంతా ఎందుకంటే, సంత రోజు గుర్తు చేసుకోండి. పైఊళ్ళ నుంచి సవర, జాతాపు రైతులు బస్తాలు మోసుకుని తెల్లారకముందే బయల్దేరి వస్తారు. తూకం వేశారు, చీటీ కంప్యూటర్లో ఎక్కింది, డబ్బు వచ్చే వారం అన్నారు. ఈ లోపు సర్వర్ పోయింది. ఇప్పుడు ఆ రైతుకి ఎంత బాకీ ఉన్నామన్నది ఎవరు చెప్పాలి? ఈ కొండల్లో లెక్క పుస్తకం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే చెల్లిన రోజులున్నాయి. 1956లో గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అంటాం కదా, అది పుట్టిందే దళారుల చేతిలో గిరిజనులు నష్టపోకుండా అటవీ ఉత్పత్తులు కొనడానికి. కాబట్టి ఇక్కడ లెక్క పోవడమంటే ఫైలు పోవడం ఒక్కటే కాదు. ఒక మనిషి కష్టానికి సాక్ష్యం పోవడం. ఇది బుర్రలో పెట్టుకుని ముందుకెళ్దాం.

అసలు సర్వర్ కావాలా? ఇదీ అడగాల్సిన ప్రశ్నే. రెండు మూడు కంప్యూటర్లే ఉంటే, మంచి డెస్క్‌టాప్‌లో విండోస్ ప్రో వేసి, దాన్నే మెయిన్ సిస్టమ్‌గా పెట్టుకోవచ్చు. దానికి ఒకేసారి 20 డివైస్‌ల వరకు కనెక్ట్ చేసుకోవడానికి లైసెన్స్ ఒప్పుకుంటుంది. మరి సర్వర్‌కి ఎప్పుడు వెళ్ళాలి? ఆ మెయిన్ సిస్టమ్ మీద ఇంకెవరో కూర్చుని సినిమాలు చూస్తున్నా, పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతున్నా, సాయంత్రం అలవాటుగా ఆఫ్ చేసి వెళ్ళిపోతున్నా అప్పుడు వెళ్ళాలి. అంటే సర్వర్ మొదటి లక్షణం పవర్ కాదండీ, దాని జోలికి ఎవరూ వెళ్ళకపోవడం.

"అన్నా, అంతా క్లౌడ్‌లో పెట్టేస్తే పోదా?" అంటారు. మంచి ప్రశ్న. విశాఖలో గూగుల్ ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడితో ఏఐ హబ్ పెడతామని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. మన పక్కనే అంత పెద్ద డేటా సెంటర్ వస్తుంటే మనకి సొంత సర్వర్ ఎందుకు అనిపిస్తుంది. కానీ డేటా సెంటర్ విశాఖలో ఉన్నా, దాని దగ్గరికి వెళ్ళే కేబుల్ మన చెట్ల మధ్య నుంచే పోవాలి కదా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో ఏమైందో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. అలాంటప్పుడు కాటా దగ్గర పని జరగాలంటే లెక్క ఇక్కడే ఉండాలి. అదే సమయంలో ఈ బిల్డింగే మునిగినా, కాలినా లెక్క బతకాలంటే ఇంకో కాపీ బయట ఉండాలి. అందుకే మన జవాబు రెండూనూ. పని ఇక్కడ, కాపీ అక్కడ.

సరే, ఇప్పుడు మిషన్ గురించి. ఒక చిన్న లెక్క వేద్దాం. రోజుకి 300 చీటీలు. ఒక్కో చీటీ 10 కేబీ అనుకుందాం, అదీ ఎక్కువే. రోజుకి 3 ఎంబీ. ఏడాదికి 300 పనిదినాలు అంటే 900 ఎంబీ. మీ ఫోన్లో ఒక సినిమా అంత కూడా లేదు! దీనికి 32 కోర్ల ప్రాసెసర్ ఏం చేసుకుంటారు? చిన్న టవర్ సర్వర్, నాలుగు లేదా ఆరు కోర్లు, 16 జీబీ ర్యామ్ ఉంటే ఈ పనికి హాయిగా సరిపోతుంది. ఇంకో స్లాట్ ఖాళీగా ఉందో లేదో చూసుకుంటే చాలు, తర్వాత పెంచుకోవచ్చు. ఏఐ డేటా సెంటర్ల డిమాండ్ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి. ఊరికే ఎక్కువ కొని పెట్టుకునే టైమ్ కాదు ఇది.

డెల్ పవర్‌ఎడ్జ్‌లో టీ సిరీస్, హెచ్‌పీఈ ప్రొలయంట్‌లో మైక్రోసర్వర్, లెనోవో థింక్‌సిస్టమ్‌లో ఎస్‌టీ సిరీస్, ఇలాంటివన్నీ ఈ సైజు వాళ్ళ కోసమే. ఏ కంపెనీ గొప్ప అన్న గొడవ వద్దు. మీ ఊరికి ఎవరి మెకానిక్ వస్తాడో ఆ కంపెనీ గొప్ప. దాని గురించి తర్వాత చెప్తా.

డెస్క్‌టాప్‌కీ సర్వర్‌కీ అసలు తేడాల్లో ఒకటి ఈసీసీ మెమరీ. ర్యామ్‌లో అప్పుడప్పుడూ ఒక బిట్ తనంతట తానే తిరగబడుతుంది. ఒక బిట్టే కదా అనుకోవద్దు. 10ని బైనరీలో రాస్తే 01010. మొదటి సున్నా ఒకటైపోయిందనుకోండి, 11010. అంటే 26! పది బస్తాలు ఇరవై ఆరు బస్తాలైపోయాయి, ఎర్రర్ మెసేజ్ కూడా రాలేదు. ఇది రోజూ జరిగేది కాదు గానీ, జరిగితే పట్టుకోలేం. ఈసీసీ మెమరీ ఒక బిట్ తప్పుని అక్కడికక్కడే దిద్దేస్తుంది, రెండు బిట్లు తప్పితే కనీసం కనిపెట్టి చెబుతుంది. లెక్కలు ఉండే మిషన్‌కి ఇది పెట్టాల్సిన ఖర్చే. ప్రాసెసర్, మదర్‌బోర్డ్ రెండూ ఈసీసీకి సపోర్ట్ చేయాలి. అడిగి తెలుసుకోండి.

తర్వాత డిస్కులు. రెండు కొనండి, రెయిడ్ 1 పెట్టించండి. అంటే ఒకే చీటీని ఇద్దరు గుమాస్తాలు రెండు పుస్తకాల్లో ఒకేసారి రాస్తున్నట్టు. ఒకరికి జ్వరం వస్తే రెండోవాడు పని ఆపడు. ఇక్కడ ఎక్కువమంది ఎక్కడ దెబ్బతింటారంటే, ఒక డిస్క్ పోయిందని నెలల తరబడి ఎవరికీ తెలీదు. ఎర్ర లైటు వెలుగుతూ ఉంటుంది, సర్వర్ బల్ల కింద ఉంటుంది. రెండోది కూడా పోయిన రోజు తెలుస్తుంది. కాబట్టి అలర్ట్ మెయిల్ మీ ఫోన్‌కి వచ్చేలా పెట్టించుకోండి. అదే సైజు డిస్క్ ఇంకోటి కొని బీరువాలో ఉంచండి. ఇక్కడి నుంచి కురుపాం మీదుగా పార్వతీపురం వెళ్ళినా, సర్వర్ డిస్క్ కావాలంటే వెంటనే దొరుకుతుందని గ్యారంటీ లేదు.

ఎస్‌ఎస్‌డీ తీసుకుంటే పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉందా అని అడగండి. సర్వర్ ఎస్‌ఎస్‌డీలలో చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు ఠక్కున పోతే, చేతిలో ఉన్న రాత పూర్తి చేయడానికి సరిపడా కరెంటు వాటిలో దాచి ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో వేసే మామూలు ఎస్‌ఎస్‌డీల్లో ఇది సాధారణంగా ఉండదు. మన దగ్గర కరెంటు ఎలా పోతుందో మీకు చెప్పక్కర్లేదు.

కరెంటు దగ్గరికి వచ్చాం కాబట్టి, ఇది జాగ్రత్తగా వినండి. ఈ ఏరియాలో సర్వర్‌కి మొదటి శత్రువు వైరస్ కాదు, పిడుగు. జీడి పిక్కలు ఎప్పుడొస్తాయి? ఎండాకాలంలో. సాయంత్రం ఉరుములు, మెరుపులు, గాలివాన ఎప్పుడు? అదే ఏప్రిల్, మే నెలల్లో. అంటే ఏడాది మొత్తంలో సర్వర్ ఆగకూడని రోజులూ, సర్వర్‌కి ప్రమాదం ఉన్న రోజులూ ఒకటే.

అందుకే మొదటి ఖర్చు ఎర్తింగ్. సరిగ్గా తీసిన ఎర్త్ పిట్, మెయిన్ బోర్డు దగ్గర సర్జ్ ప్రొటెక్షన్ డివైస్. యూపీఎస్ ఉంది కదా అని ఎర్తింగ్ వదిలేయొద్దు, పిడుగుని యూపీఎస్ ఆపలేదు. ఇంకో సంగతి, పిడుగు కరెంటు తీగలోంచే రావాలని లేదు. ఆఫీసు నుంచి గోడౌన్‌కి బయట నుంచి లాగిన ల్యాన్ వైరు రాగిది. దాంట్లోంచి కూడా లోపలికొస్తుంది. రెండు బిల్డింగుల మధ్య ఫైబర్ వేయించండి, రెండు చివర్లా చిన్న కన్వర్టర్ పెట్టించండి. గాజులోంచి కరెంటు రాదు. చిన్న ఖర్చుతో సర్వర్ పోర్టులు, స్విచ్చులు నిలబడతాయి. ఫైబర్‌కి లోపల ఇనుప తీగ బలం ఉన్న రకం కూడా ఉంటుంది, అది కాకుండా మొత్తం ప్లాస్టిక్ ఉన్నది అడగండి.

యూపీఎస్ ఎంత కావాలి? సర్వర్ 80 వాట్లు, స్విచ్, రౌటర్ కలిపి 30, ఒక మానిటర్ 20. మొత్తం 130 వాట్లు. 1 కేవీఏ యూపీఎస్ వాట్ల ప్రకారం చాలు. ఎంతసేపు నిలబడుతుందన్నది బ్యాటరీ మీద ఆధారపడుతుంది. జనరేటర్ వాడే చోట ఆన్‌లైన్ రకం తీసుకోండి. జనరేటర్ కరెంటు ఎగుడుదిగుడుగా ఉంటే మామూలు రకం మాటిమాటికీ బ్యాటరీకి మారుతుంది, బ్యాటరీ తొందరగా చస్తుంది. ఇక చాలామంది వదిలేసేది, యూపీఎస్‌తో వచ్చే యూఎస్‌బీ కేబుల్. అది డబ్బాలోనే ఉండిపోతుంది! దాన్ని సర్వర్‌కి కలిపి సాఫ్ట్‌వేర్ వేస్తే, బ్యాటరీ అయిపోయే ముందు సర్వర్ తనే పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. రాత్రి రెండింటికి మీరు లేచి రానక్కర్లేదు.

ఎక్కడ పెట్టాలి? బాయిలర్ పక్కన వద్దు, మెట్ల కింద వద్దు, నేల మీద వద్దు. చాలా సర్వర్లకి కంపెనీ చెప్పే హద్దు 35 డిగ్రీలు. రేకుల షెడ్డులో మే నెలలో అది దాటిపోతుంది. జీడి పిక్కల పొగ, జిడ్డు ఫ్యాన్లకి పడుతుంది. గోడకి ఎత్తుగా చిన్న క్యాబినెట్, గాలి ఆడే గది, నెలకోసారి దుమ్ము దులపడం. అంతే.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మాట. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత ర్యాక్ సర్వర్లు తక్కువ ధరకి దొరుకుతాయి. రెండు ప్రాసెసర్లు, బోలెడు ర్యామ్, చూస్తే నోరూరుతుంది. కొనే ముందు కరెంటు లెక్క వేయండి. అది ఖాళీగా ఉన్నా 200 వాట్లు తాగుతుందనుకుందాం. నెలకి 144 యూనిట్లు. చిన్న టవర్ 60 వాట్లు అనుకుంటే 43 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా తేడా నెలకి 900 రూపాయలు పైనే, ఐదేళ్ళకి 54,000 పైన. దానికి తోడు విమానంలా మోత, పెద్ద యూపీఎస్, పాత పార్టులు. నేర్చుకోవడానికి ఇంట్లో పెట్టుకోండి, తప్పు లేదు. సంఘం లెక్కలకి మాత్రం వద్దు.

లైసెన్స్ కూడా బడ్జెట్‌లో వేసుకోండి. విండోస్ సర్వర్ స్టాండర్డ్ అయితే కోర్ల లెక్కన అమ్ముతారు, కనీసం 16 కోర్లకి కట్టాలి, పైగా వాడే ప్రతి మనిషికో డివైస్‌కో విడిగా లైసెన్స్. చిన్నవాళ్ళ కోసం ఎసెన్షియల్స్ అని ఉంది. 25 మంది, 50 డివైస్‌ల వరకు ఆ విడి లైసెన్సులు అక్కర్లేదు. అది సర్వర్‌తో పాటే కొనాలి, కాబట్టి కొటేషన్‌లోనే అడగండి. మీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లినక్స్ మీద నడిచేదైతే ఈ ఖర్చే లేదు.

వారంటీకి వద్దాం. "నెక్స్ట్ బిజినెస్ డే ఆన్‌సైట్" అని బ్రోషర్‌లో ఉంటుంది. మన పిన్‌కోడ్‌కి ఆ సర్వీస్ ఉందా అని అడగండి. నోటిమాట వద్దు, మెయిల్‌లో రాసి ఇవ్వమనండి. కొండప్రాంతాలకి మనిషి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో రాయించుకోండి. ఆ రోజుల సంఖ్యని మీ మొదటి కాగితంతో పోల్చండి. మీరు ఒక్క రోజు మించి తట్టుకోలేమని రాశారు, వాళ్ళు నాలుగు రోజులన్నారు. మిగతా మూడు రోజులు ఎలా? ఒక పాత డెస్క్‌టాప్‌ని రెడీగా ఉంచి, బ్యాకప్ దాంట్లో వేసి నడిపించడం. అదే మీ స్టెప్నీ. టైరు పంక్చరైతే కంపెనీ వాడి కోసం రోడ్డు మీద కూర్చోం కదా.

రిమోట్ మేనేజ్‌మెంట్ కూడా చూడండి. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీఈలో ఐలో అంటారు. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా దూరం నుంచి ఆన్ చేయొచ్చు, ఏ పార్టు పోయిందో చూడొచ్చు. మీ సర్వీస్ చేసే అతను విజయనగరంలో ఉంటే ఇది చాలా ఉపయోగం. పూర్తి స్క్రీన్ కనపడాలంటే విడిగా లైసెన్స్ ఉంటుంది, ముందే అడగండి. దీన్ని నేరుగా ఇంటర్నెట్‌కి మాత్రం తెరిచి పెట్టొద్దు.

ఇక బ్యాకప్. రెయిడ్ ఉంది కదా బ్యాకప్ ఎందుకు అంటారు. ఇద్దరు గుమాస్తాల ఉదాహరణ గుర్తుందా? మీరు "కొట్టేయ్" అంటే ఇద్దరూ కొట్టేస్తారు! పొరపాటున డిలీట్ చేసినా, వైరస్ లాక్ చేసినా రెండు డిస్కుల్లోనూ పోతుంది. 2017 మేలో వన్నాక్రై వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని లాక్ అయిపోయాయి. 2022లో డెడ్‌బోల్ట్ అనేది ఏకంగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టిన నాస్ బాక్సుల్నే పట్టుకుంది. కాబట్టి ఒక కాపీ వైరుకి దూరంగా ఉండాలి.

రెండు పోర్టబుల్ డిస్కులు కొనండి. ఒకటి ఆఫీసులో, ఒకటి వేరే ఊళ్ళో ఎవరి ఇంట్లోనైనా. ప్రతి వారం మార్చుకోండి. వాటిలో రైతుల ఆధార్, బ్యాంక్ నంబర్లు ఉంటాయి, అందుకే ఎన్‌క్రిప్ట్ చేయండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి డిస్క్‌తో కాకుండా వేరే చోట పెట్టండి. మూడో కాపీ క్లౌడ్‌లో. నెట్ నెమ్మదైనా పర్వాలేదు, రోజుకి 3 ఎంబీయే కదా.

మీది రైతు ఉత్పత్తిదారుల కంపెనీ అయితే ఇంకో మాట. అది కంపెనీల చట్టం కిందకి వస్తుంది. లెక్కల బ్యాకప్ ప్రతిరోజూ మన దేశంలోనే ఉన్న సర్వర్‌లో ఉండాలని 2022 ఆగస్టులో రూల్ మార్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏం దిద్దారో రికార్డ్ కూడా ఉండాలి. జీఎస్టీ ఉన్నవాళ్ళైతే వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు లెక్కలు దాచాలి. అంటే ఆరేళ్ళు. సర్వర్‌ని ఐదేళ్ళకి మారుస్తాం అనుకోండి, పెట్టె కన్నా లెక్క ఎక్కువ కాలం బతకాలన్నమాట!

డబ్బు ఎలా పంచాలి? నా సలహా ఇది. 100 రూపాయలుంటే 45 మిషన్‌కి, 25 ఎర్తింగ్, యూపీఎస్‌లకి, 15 బ్యాకప్‌కి, 15 విడి డిస్క్, వారంటీలకి. షాపులో 90 మిషన్‌కే పెట్టమంటారు. అక్కడ తల ఊపకండి.

కొన్నాక రెండు పరీక్షలు. ఒకటి, సంత లేని రోజు చూసి యూపీఎస్‌కి వచ్చే ప్లగ్ పీకండి. బ్యాటరీ తగ్గాక సర్వర్ తనే ఆఫ్ అయిందా? రెండు, బ్యాకప్‌ని ఆ పాత డెస్క్‌టాప్‌లో వేసి, నిన్నటి ఒక రైతు చీటీ తెరవండి. తూకం, రేటు, బాకీ సరిగ్గా కనిపించాయా? మూడు నెలలకోసారి ఇది చేయండి. తెరిచి చూడని బ్యాకప్‌ని బ్యాకప్ అనొద్దు. చేసే పద్ధతి ఒక పేజీలో తెలుగులో రాసి గోడకి అంటించండి. రేపు మీరు చదువుకో, ఉద్యోగానికో ఊరు దాటి వెళ్తారు. మీరు లేకపోయినా కాటా దగ్గరుండే అక్క ఆ పేజీ చూసి పని నడిపించగలగాలి.

మీ ఊళ్ళో ఎన్ని కంప్యూటర్లు, కరెంటు ఎలా ఉంటుంది, ఎన్ని గంటలు ఆగినా తట్టుకుంటారు, ఈ మూడూ రాసి కామెంట్‌లో పెట్టండి. ఏది సరిపోతుందో చూద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో ఆ పాత డెస్క్‌టాప్‌ని స్టెప్నీగా ఎలా తయారు చేయాలో చేసి చూపిస్తా. ఉంటాను ఫ్రెండ్స్.